మఫ్ లోపలి పసుపు

నాకు ఒకచోట కూర్చోవడం రాదు. ఈ సంగతి ముందే చెప్పేయడం మంచిది. సింగపూర్‌లో ఒక మ్యూజియంలో పాత బట్టలు బాగుచేసే పని ముప్ఫై ఏళ్ళకు పైగా చేశానని చెబితే, వినేవాళ్ళు “అబ్బ, ఎంత ఓపిక!” అంటారు. ఓపికా లేదు, పాడూ లేదు. సూది పట్టుకుని పది నిమిషాలు కూర్చుంటే పదకొండో నిమిషానికి లేచి కారిడార్ చివరిదాకా నడిచి వచ్చేదాన్ని. తోటివాళ్ళు నా కుర్చీని చూపించి, “ఇదింకా కొత్తగానే ఉంది” అని ఏడిపించేవాళ్ళు.

పోయిన నెల ఆ మ్యూజియం ల్యాబ్‌లో కొత్తగా చేరిన ముగ్గురు పిల్లలకు నా అనుభవాలు చెప్పమని పిలిచారు. అరగంట ఇచ్చారు. ఏ కోర్సు చదవాలి, ఏ మైక్రోస్కోప్ మంచిది అని వాళ్ళు అడిగారు. నేనూ ఏదో చెప్పాను. బుకిట్ బటోక్‌లో మా ఫ్లాట్‌కు తిరిగొచ్చాక మనసు నిలవలేదు. చెప్పాల్సింది ఒక్కటీ చెప్పలేదు. నేను చేసిన పెద్ద తప్పు గురించి నోరెత్తలేదు. అందుకే ఇప్పుడు రాస్తున్నాను. వంటింటి బల్ల మీద కొంత, హాల్లో నిలబడి కొంత రాస్తున్నాను కాబట్టి అతుకులు కనిపిస్తే సర్దుకోండి.

చల్లటి గది

మాది ఆంధ్ర తీరం నుంచి మలేసియా రబ్బరు తోటలకు వచ్చి స్థిరపడిన కుటుంబం. అమ్మ తోటలో అందరికీ జాకెట్లు కుట్టేది. ఆవిడ దగ్గర నేర్చుకున్న చేతికుట్టు చూసే నన్ను మ్యూజియంలో సహాయకురాలిగా తీసుకున్నారు. తర్వాతి చదువు, శిక్షణ అన్నీ అక్కడే జరిగాయి. ఏ ఏడు ఏ పదవి వచ్చిందన్నది ఇక్కడ అనవసరం.

పిల్లలూ, ఈ పనిలో మొదట తెలిసేది చలి. బయట చొక్కా వీపుకు అంటుకుపోతుంటే లోపల స్వెటర్ వేసుకుని కూర్చోవాలి. పాత బట్టకు వేడి పడదు, తేమ అసలే పడదు. ఒక్కోరోజు వేళ్ళు కొంకర్లు పోయి సూదిలో దారం ఎక్కేది కాదు. రెండోది, ఇక్కడ బాగుచేయడం తక్కువ, చూడటం ఎక్కువ. మా ల్యాబ్ పెద్ద మిసెస్ కో చేరిన రోజే నాకు ఒక వరస నేర్పారు: ముందు చూడు, చూసింది ఫొటో తియ్యి, తీసింది రాయి, ఆ తర్వాతే చెయ్యి వెయ్యి. ఇంత చిన్న సంగతి నాకు పట్టుబడటానికి ఉద్యోగం మొత్తం పట్టింది.

చేరిన కొత్తలో పురుగు పట్టిన బొచ్చు కాలర్ ఒకటి వచ్చింది. అలాంటివాటిని ప్లాస్టిక్ సంచిలో గాలి చొరబడకుండా మూసి, డీప్ ఫ్రీజర్‌లో పెట్టి, పురుగు చచ్చాక బయటికి తీస్తారు. తీశాక సంచి విప్పకూడదు. లోపలి వస్తువు గది వేడికి వచ్చేదాకా రోజంతా ఆగాలి. నేను రెండు గంటలు ఆగి విప్పేశాను. సింగపూర్ గాలిలో ఉన్న తడంతా దాని మీదికే వచ్చినట్టు క్షణంలో చెమ్మ పట్టేసి, పట్టు అస్తరు మీద నీటి మరకలు మిగిలాయి. మిసెస్ కో కేకలెయ్యలేదు. తర్వాతి సంచి వచ్చినప్పుడు దాని పక్కన కుర్చీ వేసి, సాయంత్రందాకా నన్ను కూర్చోమన్నారు. తిట్టినా బాగుండేదనిపించింది.

ఇంకో సంగతి ఉంది. అది చిన్నదే కాని దాని వల్లే తర్వాత కొంప మునిగింది. ఒకరోజు పులిహోర తెచ్చుకుని చేత్తో తిని వచ్చాను. బల్ల మీద తెల్ల పట్టు గౌను పరిచి ఉంది. మిసెస్ కో నా చేతులు చూసి, “సుశీలా, నీ గోళ్ళు” అన్నారు. అంతే. పక్కనున్న వాళ్ళు మాత్రం నవ్వారు. ఆ నవ్వు నాకు చురుక్కున తగిలింది. ఆ రోజు నుంచి తిన్నాక నిమ్మచెక్కతో గోళ్ళు రుద్దుకుని, రెండుసార్లు సబ్బుతో కడుక్కుని గానీ ల్యాబ్‌లో అడుగు పెట్టేదాన్ని కాదు. కొన్నేళ్ళకు ఇంట్లో కూడా చెంచాతో తినడం అలవాటైంది. తెలుగింటి ఆడదానికి పసుపంటే భయం పట్టుకుందంటే మా అమ్మ నమ్మేది కాదు.

చేతులు దాచుకునే ఫ్యాషన్

నా ఉద్యోగం ఆఖరి ఏడాది డెస్మండ్ అనే కుర్ర క్యూరేటర్‌కు ఒక ఆలోచన వచ్చింది. ఏ ప్రదర్శన పెట్టాలి, అందులో ఏ వస్తువు పక్కన ఏం రాయాలి అన్నది తేల్చేది క్యూరేటర్లే. చలికి చేతులు కాపాడుకోవడానికి మనుషులు వాడిన వస్తువులు ఫ్యాషన్‌గా ఎలా మారాయో చూపిస్తానన్నాడు.

“ఇక్కడ ఎవరు చూస్తారు లా?” అన్నారు, రిటైరయ్యాక కూడా సలహాదారుగా ల్యాబ్‌కు వస్తున్న మిసెస్ కో, మాట చివర ఈ ఊరి అలవాటైన ‘లా’ తగిలించి. “మన ఊళ్ళో చలి అంటే ట్రైన్‌లో ఏసీ ఒక్కటే.”

“అందుకే చూస్తారు మేడమ్” అన్నాడు అతను.

మొదట నాకూ నవ్వొచ్చింది. వస్తువులు ఒక్కొక్కటే బల్ల మీదికి వచ్చాక నవ్వు పోయింది. చైనా నుంచి వచ్చిన ఇత్తడి చేతికుంపటి అరచేతిలో ఇమిడేంత ఉంది. లోపల నిప్పు కణికలు, పైన చిల్లుల మూత, దాన్ని వెడల్పాటి చొక్కా చేతుల్లో దాచుకునేవారట. కాశ్మీర్ వాళ్ళు మట్టిపిడత చుట్టూ బుట్ట అల్లి, అందులో నిప్పులు పోసుకుని పొడుగు అంగీ లోపల పెట్టుకుంటారు. యూరప్‌లో మఫ్ ఉండేది. బొచ్చుతోలుతో కుట్టిన లావుపాటి గొట్టం లాంటిది, రెండు కొసలూ తెరిచి ఉంటాయి, చెరో వైపు నుంచి చెరో చెయ్యి దూర్చుకోవాలి. ఒకప్పుడు అక్కడ మగవాళ్ళు కూడా వాటిని మెడకు తగిలించుకుని దర్జాగా తిరిగారు. కొన్నాళ్ళు దిండంత పెద్దవి, కొన్నాళ్ళు పిడికెడంతవి. కొందరు అందులో చిన్న కుక్కపిల్లను పెట్టుకునేవారు, దానికీ వెచ్చన, వీళ్ళకీ వెచ్చన. ఉత్తరాలు, రుమాలు, సువాసన సీసా పెట్టుకోవడానికి లోపల జేబులు కుట్టించుకున్నారు. లేనివాళ్ళు మాత్రం ఉడికిన బంగాళాదుంప జేబులో వేసుకుని పనికి పోయేవారు.

వాటిని శుభ్రం చేస్తూ చేస్తూ నాకు ఒకటి తోచింది. రెండు చేతులూ మఫ్‌లో పెట్టుకున్న మనిషి తలుపు తియ్యలేదు, గొడుగు పట్టలేదు, సంచి మొయ్యలేదు. అవన్నీ చేసేవాళ్ళు పక్కన ఇంకెవరో ఉన్నారని దానర్థం. ఆడవాళ్ళు సైకిలెక్కి, బస్సెక్కి, ఉద్యోగాలకు బయల్దేరాక మఫ్ మూలపడింది, గ్లవ్స్, కోటు జేబులు మిగిలాయి. ఈ మాట డెస్మండ్‌తో అంటే పుస్తకంలో రాసుకున్నాడు. తర్వాత అదే మాట నా మీదికే తిప్పాడు.

బిస్కెట్ డబ్బా

ఇళ్ళల్లో అలాంటి వస్తువులుంటే చూపించమని మ్యూజియం ప్రకటన వేసింది. ఎవరూ రారనుకున్నాం. బెడోక్ నుంచి ఎనభై ఏళ్ళ పెద్దావిడ పాత బిస్కెట్ డబ్బా ఒళ్ళో పెట్టుకుని వచ్చింది. నా మెడలో కార్డు చూసి, “సుశీలా? తెలుగేనా?” అంది.

“తెలుగే ఆంటీ.”

“అమ్మయ్య. మకాన్ అయ్యిందా?” అని ఇక్కడి మలయ్ మాటలో భోజనం సంగతి అడిగి, నా జవాబు వినకుండానే డబ్బా మూత తీసింది.

లోపల గోధుమరంగు మఫ్ ఉంది. బొచ్చు అక్కడక్కడా ఊడింది. ఆవిడ పేరు కాంతమ్మ. మూడు తరాల కిందట భీమిలి వైపు నుంచి వచ్చిన కుటుంబం. ఈ మఫ్ వాళ్ళ అమ్మమ్మ అప్పలనరసమ్మదట. ఇక్కడ ఇంగ్లీషు దొరల ఇంట్లో ఆయాగా పనిచేసి, వాళ్ళ పిల్లల్ని చూసుకోవడానికి ఓడలో ఇంగ్లండ్ వెళ్ళి, రెండు చలికాలాలు ఉండి వచ్చిందట. అప్పటికే అక్కడ మఫ్‌ల మోజు తగ్గిపోయిందని మాకు తెలుసు.

డెస్మండ్ మర్యాదగానే అడిగాడు. “ఆంటీ, దీన్ని మీ అమ్మమ్మ వాడారా? లేక యజమానురాలు వాడింది, మీ అమ్మమ్మ తెచ్చుకున్నారా?”

ఆవిడ మొహం మాడిపోయింది. అతను ఫారాలు తేవడానికి వెళ్ళాక నా వైపు తిరిగింది.

“అడగాల్సిందే అడిగాడులే. మా నాన్న వైపు వాళ్ళు ఏమనేవాళ్ళో తెలుసా? ‘దొరసానిది కొట్టేసి తెచ్చింది’ అని. పెళ్ళి కానీ, చావు కానీ, నలుగురు కూడితే చాలు, అదే జోకు. మా అమ్మ సిగ్గుతో దీన్ని అలమారి అడుగున పడేసింది. ఇంటికెవరైనా వస్తే అలమారికి తాళం కూడాను. దొరసాని ఇచ్చిందనే చెప్పేది పాపం. మేం నమ్మలా. నేనూ నమ్మలా అమ్మాయ్.” డబ్బాను నా వైపు జరిపింది. “నువ్వు చూసి చెప్పు. దొంగదైతే దొంగదనే చెప్పు, ఏం పర్లేదు. తెలుసుకుని పోతాను.”

ఈ ఉద్యోగంలో నన్ను ఎవరూ అలాంటిది అడగలేదు. ఎంత పాతది, ఏం బొచ్చు, బాగవుతుందా అని అడుగుతారు. ఒక మనిషి దొంగో కాదో చెప్పమని అడగరు. “చూస్తాను ఆంటీ” అన్నాను.

అరగంట

మర్నాడు పొద్దున్నే మొదలుపెట్టాను. పాత బొచ్చుకు పురుగు పట్టకుండా ఒకప్పుడు విషం పూసేవారు, అది ఉందేమో పరీక్షించాను. లేదు. బయటివైపంతా ఫొటోలు తీశాను. లోపలి అస్తరు పట్టుది, అందులో కుట్టిన జేబును బట్టి కుడి ఏదో ఎడమ ఏదో తెలుస్తుంది. కుడి కొసలో రెండు వేళ్ళు పెట్టి నేత ఎంత బలంగా ఉందో తడిమి చూశాను. అంతలో మధ్యాహ్నమైంది. ఎవరిదో వీడ్కోలు భోజనం, అందరం చిన్న చిన్న తిండి దుకాణాలన్నీ ఒకచోట ఉండే హాకర్ సెంటర్‌కు వెళ్ళాం. అరిటాకు మీద చేపల పులుసు, అన్నం. చాలా రోజుల తర్వాత చేత్తో తిన్నాను. తిరిగొచ్చి, నిమ్మచెక్క దొరక్కపోవడంతో సబ్బుతోనే కడుక్కుని, మఫ్ కుడి కొసను మళ్ళీ తెరిచి, చెయ్యి పెట్టి, అస్తరు కొద్దిగా బయటికి మడిచాను.

పసుపు మరక. మూడు వేళ్ళ గుర్తుల్లా ఉంది.

నాదే అనుకున్నాను. ఇంకోలా ఆలోచించడానికి కూడా లేదు, ఇప్పుడే చేత్తో తిన్నాను, ఇప్పుడే చెయ్యి పెట్టాను. మిసెస్ కో మీటింగ్ నుంచి రావడానికి అరగంట ఉంది. నాలుగు నెలల్లో రిటైరయ్యే మనిషిని మళ్ళీ “నీ గోళ్ళు” అనిపించుకుంటానా? ఆల్కహాల్ కలిపిన నీళ్ళు తీసి, పుల్లకు దూది చుట్టి అద్దాను. ఐదారు పుల్లలకు పసుపంతా దూదికి వచ్చేసింది. ఆ పుల్లల్ని చెత్తసంచిలో పడేశాను. సాయంత్రం ఆ సంచి వెళ్ళిపోయింది.

ఫొటో తీయలేదు. తీస్తే నా తప్పు ఫొటోలో ఉండిపోతుంది కదా. నాకు నేర్పిన వరసలో మొదటి మూడూ వదిలేసి నాలుగోది చేశాను. మరక పోయాక ఎంత హాయిగా ఊపిరి పీల్చుకున్నానో తల్చుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

ఎడమవైపు

మర్నాడు ఎడమ కొస తెరిచాను. అక్కడా పసుపే. ఇది పైపైన కాదు, నేతలోకి దిగి, నూనె పట్టి, ముదురు రంగుకు తిరిగింది. వేళ్ళ దగ్గర నుంచి మణికట్టు దాకా ఉంది. ఒకచోట అస్తరు అరిగి చిరిగితే ఎవరో చేత్తో కుట్టారు. కుట్టు కింద పసుపు ఉంది, కుట్టిన దారం మీద కూడా ఉంది. ఎడమవైపు నా చెయ్యి అప్పటిదాకా వెళ్ళనే లేదు.

అల్ట్రావయొలెట్ దీపం వేసి చూస్తే నాలుగు వేళ్ళూ ఆకుపచ్చటి వెలుగుతో పైకి తేలాయి. ఊడిన పోగు ఒకటి తీసి, గాజు పలక మీద పెట్టి, దాని మీద సున్నపుతేట ఒక చుక్క వేశాను. ఎర్రబడింది. పసుపులో సున్నం కలిపి పెళ్ళికూతురి కాళ్ళకు పారాణి పెట్టే ఇంట్లో పుట్టినదానికి ఇంకో పరీక్ష అక్కర్లేదు.

అప్పుడు కుర్చీ లాక్కుని కూర్చున్నాను. ఈ ఊరి ఉక్కలో బొచ్చుతోలులో చెయ్యి పెట్టుకునే పిచ్చివాళ్ళు ఎవరూ ఉండరు. కాబట్టి ఈ పసుపు చలిదేశంలోనే అంటింది. చెయ్యి పెడుతూ తీస్తూ, అస్తరు అరిగిపోయి, కుట్టుకుని, మళ్ళీ వాడేదాకా అంటింది. అది ఒక పూటలో అయ్యేది కాదు. దొరసాని ఇంట్లో ఉంటూ, ఆవిడ కళ్ళెదుటే, రోజూ తొడుక్కుంది. దొంగిలించిన వస్తువును సొంతదారు ముందు ఎవరూ తొడుక్కోరు.

కాంతమ్మ ఆంటీ అడిగినదానికి జవాబు దొరికింది. ఆ జవాబులో సగం నేనే నిన్న దూదితో తుడిచేశాను.

మిసెస్ కోకు అంతా చెప్పాను. “మన రిపోర్టులో రాయి. ఆ పెద్దావిడకు మాత్రం చెప్పకు” అన్నారు. “ఎడమవైపు ఉంది కదా. అది చాలు. ఇన్నేళ్ళ సర్వీసుకు చివర్లో ఈ మచ్చ ఎందుకు?” ఆవిడ నా మేలు కోరే అన్నారు. ఆవిడ దగ్గర నేను నేర్చుకున్నది ఇంకెవరి దగ్గరా నేర్చుకోలేదు. కాని ఆ రోజు ఆవిడ చెప్పింది తప్పు. మీ పెద్దవాళ్ళు కూడా ఏదో ఒకరోజు మిమ్మల్ని కాపాడబోతూ ఇలాంటి మాటే చెబుతారు. గౌరవంగా వినండి, చెయ్యకండి.

ఎడమవైపు పసుపు సంగతి చెబితే డెస్మండ్ ఇంకో రకంగా అడ్డొచ్చాడు. “ఆయా అంటే పిల్లాడి చెయ్యి పట్టుకోవాలి. రెండు చేతులూ మఫ్‌లో పెట్టుకుంటే పని చేసేవాళ్ళు ఇంకొకరుండాలని మీరే అన్నారు” అన్నాడు.

“ఒక్క చెయ్యే పెట్టుకుంది. ఎడమది. కుడిచేత్తో పిల్లాణ్ణి పట్టుకుని ఉంటుంది. అందుకే కుడివైపు పసుపు పైపైనే ఉంది, ఐదారు పుల్లలకే పోయింది.”

“పోయిందంటే?”

“నేను తుడిచేశాను.”

అతను పెన్ను కింద పెట్టాడు. “ఫొటో?”

“లేదు.”

“అంటే కుడివైపు తక్కువ ఉందనడానికి మీ మాట ఒక్కటే ఆధారం. ఎందుకు తుడిచారో కూడా రాసి సంతకం పెడితేనే ఆ మాటకు విలువ. పెడతారా?”

“పెడతాను” అన్నాను. నిజం చెబుతున్నాను, నోటితో అన్నంత తేలిగ్గా చెయ్యి కదల్లేదు. ఆ కాగితం మూడుసార్లు చింపి రాశాను.

బెడోక్

ఆదివారం బెడోక్ వెళ్ళాను. ట్రైన్‌లో సీట్లు ఖాళీగా ఉన్నా తలుపు దగ్గర నిలబడే వెళ్ళాను. కాంతమ్మ ఆంటీ ఫ్లాట్‌లో ఆవిడ మనవరాలు నిషా కూడా ఉంది. ఆంటీ వంటింట్లోంచే, “వచ్చేసావా, కూర్చో, మకాన్ చేసి వెళ్ళాలి” అంది. కూర్చోలేదు.

ఒప్పుకోలుకు ముందు ఒకటి అడగాలి. నేను చూసింది ముందే చెప్పేస్తే ఆవిడ జ్ఞాపకంలో నా మాట కలిసిపోతుంది. అందుకని మామూలుగా అడిగాను. “మీ అమ్మమ్మ చేతులకు ఏమైనా రాసుకునేవారా ఆంటీ?”

“చేతులకా? పసుపూ ఆముదమూ. పోయేదాకా అదే అలవాటు. అక్కడి చలికి చేతులు పగిలి నెత్తురొచ్చేదట. మూట కట్టుకెళ్ళిన పసుపు పొదుపుగా వాడుకుందట. దొరసాని ఆ చేతులు చూసే ఇది ఇచ్చిందని మా అమ్మ...” ఆవిడ గరిటె పట్టుకుని అలాగే బయటికి వచ్చింది. “ఎందుకడిగావ్?”

చెప్పాను. వేళ్ళ గుర్తులు, అరిగిన అస్తరు, కుట్టు మీద పసుపు అన్నీ చెప్పాను. ఆవిడ మొహం మెల్లగా విప్పారుతుంటే మిగతాది చెప్పాలనిపించలేదు. అయినా చెప్పాను. “కుడివైపు కూడా ఉండేది ఆంటీ. నేను కడిగేశాను. నా చేతి మరకే అనుకున్నాను. భోంచేసి వచ్చి పెట్టిన చెయ్యి కదా, ఎవరైనా చూస్తే నవ్వుతారని...”

“కడిగేశావా?”

“కడిగేశాను.”

“పసుపని తెలిసే కడిగావా?”

“తెలిసే.”

“నీ చేతికి పసుపుంటే తప్పేంటే?” ఆవిడ గొంతు ఒక్కసారి లేచింది. “ఎవరో నవ్వితే నీకంత సిగ్గా? ఆ సిగ్గుతోనే కదే మా అమ్మ దాన్ని అలమార్లో పడేసింది! తల్లి దొంగ కాదని తెలిసి కూడా నోరు మూసుకుని చచ్చిపోయింది. అదే సిగ్గుతో నువ్వు కడిగి పారేశావ్!”

“అమ్మమ్మా, రిలాక్స్ లా. షి కేమ్ అండ్ టోల్డ్ యూ, వాట్” అంది నిషా, తనే వచ్చి చెప్పింది కదా అన్నట్టు.

“నువ్వూరుకో!”

నాకు ఏడుపొచ్చింది. పెళ్ళైన కొత్తలో మా అత్తగారి ముందు కూడా ఏడవని దాన్ని, ఆ హాల్లో నిలబడి ఏడ్చాను. ఆవిడ ఓదార్చలేదు. స్టవ్ ఆపి, చెయ్యి కడుక్కుని, చీర మార్చుకుని వచ్చింది.

“పద. చూపించు.”

“ఈ రోజు సెలవు ఆంటీ. రేపు...”

“రేపు పొద్దున్నే వస్తా. నువ్వు తలుపు దగ్గరుండు.”

నాలుగు వేళ్ళు

వచ్చింది. ల్యాబ్‌లో దీపాలు ఆర్పి అల్ట్రావయొలెట్ వేశాను. మిసెస్ కో, డెస్మండ్ వెనక నిలబడ్డారు. ఆంటీ కళ్ళద్దాలు సవరించుకుని వంగి చూసింది. తన ఎడమచెయ్యి ఎత్తి, ముట్టుకోకుండా, ఆ గుర్తుల పైన గాలిలో పట్టుకుంది. వేళ్ళు ఇంచుమించు అంతే పొడవున్నాయి.

“తొడుక్కుందే” అంది. “నిజంగానే తొడుక్కుందే అమ్మా.” అప్పలనరసమ్మతో కాదు, వాళ్ళ అమ్మతో అంటోందని నాకు కాసేపటికి అర్థమైంది.

ప్రదర్శనలో ఆ మఫ్ పక్కన ఇలా రాశారు: ‘అప్పలనరసమ్మ మఫ్. ఇంగ్లండ్‌లో ఆయాగా ఉన్నప్పుడు యజమానురాలు ఇచ్చినట్టు కుటుంబం చెబుతుంది. లోపలి పసుపు ఆమె చేతిది. కుడివైపు పసుపును మ్యూజియం పొరపాటున తుడిచివేసింది.’ చివరి వాక్యం వద్దని మిసెస్ కో చివరిదాకా వాదించారు. డెస్మండ్ తియ్యలేదు. నేను ఆ అద్దాలపెట్టె ముందు నుంచి వెళ్ళిన ప్రతిసారీ ఆ వాక్యం దగ్గర నడక వేగం పెంచేదాన్ని. అది ఉండాల్సిందేనని తెలుసు, అయినా గుచ్చుకునేది.

పిల్లలూ, మరక కనిపిస్తే అది మురికని వెంటనే తేల్చేయకండి. ముఖ్యంగా మీ ఇంటి మరకలాంటిదైతే ఇంకా నెమ్మదించండి. ఆ ల్యాబ్ మొత్తంలో దాన్ని గుర్తుపట్టగలిగేదాన్ని నేనొక్కదాన్నే. గుర్తుపట్టాను కూడా. గుర్తుపట్టాను కాబట్టే తుడిచాను. దీనికి ఏ మైక్రోస్కోపూ మందు కాదు.

ఇంటికి

ప్రదర్శన ముగిసేసరికి నేను రిటైరై రెండు నెలలైంది. వస్తువు తిరిగి అప్పగించే రోజు కాంతమ్మ ఆంటీ నన్నే రమ్మందని కబురు వచ్చింది. కొత్త పెట్టె చేయించారు, లోపల మెత్తటి కాగితం, పైన ఎలా దాచాలో రాసిన సూచనలు. వెలుతురు తగలకూడదు, చెమట తగలకూడదు, అనవసరంగా ముట్టుకోకూడదు. ఆ సూచనలు చాలా ఏళ్ళ కిందట నేను రాసినవే.

ఆవిడ సంతకం పెట్టింది. పెట్టె మూత తీసింది. మఫ్ బయటికి తీసి, ఖాళీ పెట్టె నా చేతిలో పెట్టి, చెరో వైపు నుంచి రెండు చేతులూ దూర్చుకుంది.

ఇన్నేళ్ళూ నేర్చుకున్నదంతా ఆపు, ఆపు అని నా లోపల అరిచింది. మధ్యాహ్నం ఎండ, ఆవిడ అరచేతుల్లో చెమట, వందేళ్ళనాటి పట్టు. నేను పెట్టె పట్టుకుని ఆవిడ వెనకే నడిచాను.

ట్రైన్‌లో జనం చూశారు. ఎనభై ఏళ్ళావిడ, నేత చీర, బొచ్చు మఫ్. ఒకతను ఫోన్ ఎత్తి ఫొటో తీశాడు. ఆవిడ ఇంకాస్త నిటారుగా కూర్చుంది. ఎదురుగా స్కూల్ యూనిఫాంలో ఉన్న అమ్మాయి ఉండబట్టలేక ఇంగ్లీషులో అడిగింది. “ఆంటీ, ఏంటది? ముట్టుకోవచ్చా?”

ముట్టుకోకూడదని చెప్పడానికి నా నోరు దానంతటదే తెరుచుకుంది. ఆంటీ అప్పటికే చేతులు బయటికి తీసి, మఫ్‌ను ఆ అమ్మాయి ముందుకు చాపింది.

“చెయ్యి పెట్టి చూడు. లెఫ్ట్ హ్యాండ్.”

ఆ అమ్మాయి పెట్టింది. “వామ్ సియా!” అంది, అబ్బ ఎంత వెచ్చగా ఉందో అన్నట్టు.

“మరి!” అంది కాంతమ్మ ఆంటీ, ఆ ట్రైన్‌లో ఉన్నవాళ్ళందరికీ వినబడేలా. “మా అమ్మమ్మది.”